రెండు బొగ్గుముక్కలు

మొదట అది పిచ్చుకలా అరిచింది,
నవంబరులో, నాలుగో నంబరు మీద పెడితేనే.
డిసెంబరుకల్లా ఒకటో నంబరుకే కీచుమనేది.
డాష్‌బోర్డు మీద అమ్మ అరచేత్తో ఒక్కటి చరిస్తే
బెదిరిన పిల్లలా కాసేపు నోరు మూసుకుని తిరిగేది.
జనవరిలో దెబ్బకూ లొంగలేదు.

అట్-బాషీ దారిలో, కనుమ మీద,
సున్నాకి ఇరవై ఎనిమిది కింద
అద్దానికి లోపలివైపు మంచు పట్టింది.
ముగ్గురు టీచర్లు వంతులేసుకుని ముందుకు వంగి
ప్లాస్టిక్ స్కేలుతో గీకుతుంటే
అరచేయంత సందులోంచి లోయను చూస్తూ
బండి నడిపింది అమ్మ.
"కాస్త తక్కువగా ఊపిరి తీసుకోండి," అందట,
"మీ ఊపిరే కదా అద్దానికి అతుక్కునేది."

కొత్త మోటారు ధర తోక్తోసున్ చెప్పాడు.
అమ్మ వేళ్ళు ముడిచి లెక్కేసింది:
పద్దెనిమిది ట్రిప్పులు, పెట్రోలు కాక.
"పాతదే విప్పుతా."
"బురుల్చా, నువ్వు..." అని మొదలెట్టాడు గాని
మిగతా మాట మఫ్లరులో దోపుకున్నాడు.

నా పని టార్చి పట్టుకోవడం.
"నా మొహం మీద కాదు, చేతుల మీద.
నీ ధ్యాస ఎటు పోతే వెలుగూ అటే పోతోంది."
గ్లవ్ బాక్సు కింద తల దూర్చి,
బూట్లు రెండూ వాకిట్లో మంచుకి వదిలి,
మూడు స్క్రూలు.
మూడోది కంటికి కనపడేది కాదు,
వేలికొసకి మాత్రమే తెలిసేది.
ఊడి వచ్చింది మోటారు,
వెంట పోప్లార్ ఆకులు, గొర్రె ఉన్ని పోగు,
చాక్లెట్ కాగితాలు చింపి ఒక ఎలుక కట్టుకున్న ఇల్లు.
ఎలుక లేదు. "అద్దె ఎగ్గొట్టి పోయింది," అంది అమ్మ.

వంటింట్లో బల్ల మీద పాత పత్రిక పరిచాం.
రాగి పళ్ళ చక్రం మసిబారి ఉంది.
దాని మీద ఆనుకోవాల్సిన కార్బన్ ముక్కలు రెండూ,
బడిలో ఏడాది చివర మిగిలే సుద్దముక్కల్లా,
అరిగి, స్ప్రింగుకి కూడా అందకుండా.
అమ్మ వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.
పెరట్లో టన్నున్నర బొగ్గు ఉంది మాకు.
కావలసింది ఈ రెండు ముక్కలు.

పక్కింటి నూర్దిన్ కాలిన గ్రైండరు ఇచ్చాడు.
దాని ముక్కలు మందం.
ఉప్పుకాగితం మీద రుద్దింది, అమర్చి చూసింది,
మళ్ళీ రుద్దింది. పొయ్యిలో రెండుసార్లు బొగ్గేశాను.
సూదితో రాగి పళ్ళ సందులు తోడింది.
ఇరుసుకి కుట్టుమిషను నూనె, ఒకే చుక్క,
"రెండోది ఆశపోతుతనం."

రాత్రిళ్ళు బ్యాటరీ మా ఇంట్లోనే పడుకుంటుంది,
ఈనిన వారం గొర్రెపిల్లను తెచ్చినట్టే
పొయ్యి పక్కకి మోసుకొస్తాం.
వైర్లు ఆనించగానే
తిరిగింది!
నేను ఎగిరాను. అమ్మ ఎగరలేదు.
పత్రిక అంచు కదిలిందే గాని లేవలేదు.
చెయ్యి అడ్డం పెట్టి చూసి, తల వంచి విని,
"వెనక్కి తిరుగుతోంది," అంది.
వైర్లు అటుదిటు మార్చింది.
అప్పుడు లేచింది గాలి,
పత్రిక, ఉప్పుకాగితం, నల్లటి పొడి అంతా,
ఆరబెట్టిన తెల్ల దుప్పటి మీదికి.
ఇద్దరం దుప్పటి వైపు చూశాం.
ఎవరం ఏమీ అనలేదు.

మర్నాడు కనుమ మీద అద్దం మొత్తం తెరుచుకుంది.
టీచర్లు చేతి తొడుగులు తీసేశారు.
కీచు లేదు. రెండు నెలల తర్వాత మొదటిసారి
కారులో నిశ్శబ్దం,
ఆ నిశ్శబ్దంలో, కింద, కుడి ముందు చక్రం దగ్గర,
ఎవరో జొన్నలు విసురుతున్నట్టు
గరగర.
"బురుల్చా, ఆ చప్పుడేమిటి?" అంది జైనగుల్ టీచరు.
అమ్మ రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా
చెయ్యి చాచి
బ్లోయర్ని నాలుగో నంబరుకి తిప్పింది.